పట్టు తప్పిన చేతికి మళ్లీ పట్టు

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయిన మనిషిని "నీకు ముందుగా ఏది తిరిగి రావాలి?" అని అడిగితే ఏం చెబుతాడు? నడక అని చెబుతాడనే మనందరం అనుకుంటాం. మన సినిమాల్లో కూడా హీరో తండ్రి ఆఖరి రీలులో కుర్చీలోంచి లేచి నడుస్తాడే తప్ప, చొక్కా గుండీ పెట్టుకున్నాడని ఎవరూ చప్పట్లు కొట్టరు. అమెరికాలో కిమ్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నను 681 మందిని అడిగి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఆమె కూడా వెన్నుపాము గాయంతోనే జీవిస్తున్న మనిషి. కాళ్లూ చేతులూ రెండూ పడిపోయిన వారిలో 48.7 శాతం మంది, అంటే దాదాపు సగం మంది, ముందు చేతులు కావాలన్నారు. నడక ఆ తరవాతి మాటే.

కొంచెం ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. కాళ్లు లేని లోటును చక్రాల కుర్చీ కొంతవరకైనా తీరుస్తుంది. చేతులు లేని లోటును తీర్చేది మరో మనిషే. పొద్దున పళ్లు తోమడానికి ఒక మనిషి, అన్నం కలిపి నోట్లో పెట్టడానికి ఒక మనిషి, ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి కూడా ఒక మనిషి. మన ఇళ్లలో ఆ మనిషి సాధారణంగా అమ్మో, భార్యో, బడి మానిపించిన చెల్లెలో అవుతుంది. చేతి బలం పిసరంత తిరిగి వచ్చినా ఇంట్లో ఇద్దరి బతుకు మారుతుంది.

తమ్ముళ్లూ, నేను ఈ హాస్టల్లోనే ఉండి చదువుకుని, తరవాత ఫిజియోథెరపీ చేశాను. ఈ మధ్య పత్రికల్లోనూ ఫోన్లలోనూ "మెడ మీద కరెంటు పెడితే పడిపోయిన చేతులు లేస్తున్నాయట" అన్న వార్త చూసి మన పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. అది అబద్ధం కాదు. అలాగని ఆ వార్తల్లో రాసినంత సులువూ కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడానికే ఈ వ్యాసం.

ఎక్కడ తెగితే ఏది పోతుంది?

వెన్నుపాము మన చిటికెన వేలంత మందంతో, సుమారు 45 సెంటీమీటర్ల పొడవుతో వెన్నెముక లోపల ఉంటుంది. మెదడు ఇచ్చే ఆజ్ఞలు దీనిలోంచే కిందికి దిగుతాయి, ఒంటి కబుర్లు దీనిలోంచే పైకి పోతాయి. రెండు పక్కలకూ 31 జతల నాడులు బయటికి వస్తాయి. వాటిలో మెడ దగ్గరివి ఎనిమిది జతలు. వాటిని సీ1 నుంచి సీ8 వరకు లెక్కపెడతారు.

చేతికి సంబంధించిన నాడులు ఒక వరసలో ఉంటాయి. మోచేయి మడవడం ముఖ్యంగా సీ5 పని. మణికట్టును పైకెత్తడం సీ6. మోచేయి చాపడం సీ7. వేళ్లు ముడవడం సీ8. వేళ్లను ఎడంగా చాచే చిన్న కండరాలు ఛాతీ భాగంలోని మొదటి నాడి, టీ1 కింద ఉంటాయి. కాబట్టి దెబ్బ ఎంత పైన తగిలితే అంత ఎక్కువ పోతుంది. సీ6 వరకు మిగిలిన మనిషి మోచేయి మడవగలడు, మణికట్టు ఎత్తగలడు, కానీ వేళ్లు ముడవలేడు. గ్లాసు దగ్గరికి చేయి పోతుంది, గ్లాసు మాత్రం పట్టుకు రాదు.

ఇక్కడ హాస్టల్ తమ్ముళ్లకు ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఎండాకాలం సెలవుల్లో లోతు తెలియని బావిలోకో, చెరువులోకో, కాలువలోకో తలకిందులుగా దూకితే, తల అడుగు నేలకు గుద్దుకుంటే, విరిగేది చాలావరకు మెడలో అయిదు, ఆరు ఎముకల దగ్గరే. అంటే నేను పైన చెప్పిన చేయి. ఆ దూకిన పిల్లవాడికి ఈత బాగానే వచ్చి ఉంటుంది, అయినా మెడ విరుగుతుంది. తాడిచెట్టు మీంచి పడిన గీత కార్మికులకు ఎక్కువగా నడుము దగ్గర దెబ్బ తగిలి కాళ్లు పోతాయి. తల కిందుగా పడితే మాత్రం ఇదే మెడ గాయం. (తెలంగాణలో గీత కార్మికులకు 2024లో "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మన హాస్టల్ పిల్లల్లో గీత వృత్తి కుటుంబాల వాళ్లున్నారు. ఇంట్లో ఆ కిట్టు అటక మీద ఉందో, నాన్న నడుముకు ఉందో చూసుకోండి.)

పడిన మనిషిని లేపి కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించడం మన ఊళ్లలో అలవాటు. నలుగురు నాలుగు పక్కలా పట్టుకుని ఆటోలో మడిచి కుదేస్తారు. మెడ విరిగినా లోపలి వెన్నుపాము ఇంకా పూర్తిగా నలగని మనిషికి ఆ పది నిమిషాల్లో మిగతాది నలిగే ప్రమాదం ఉంది. తలా మెడా కదలకుండా ఇద్దరు అటూ ఇటూ పట్టుకోవాలి. నీళ్లలో పడితే మునగకుండా, ఊపిరి ఆడేలా తేల్చి ఉంచాలి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉంచి, బల్లలాంటి గట్టిదాని మీద తరలించాలి. ముందు మిగిలిన తీగను కాపాడుకోవాలి. ఎందుకంటే నేను చెప్పబోయే చికిత్స అంతా ఆ మిగిలిన తీగ మీదే ఆధారపడి ఉంది.

తెగినట్టు కనిపించేది నిజంగా తెగిందా?

వెన్నుపాము గాయం అనగానే కత్తితో తాడు కోసినట్టు రెండు ముక్కలైపోయిందని ఊహించుకుంటాం. నిజానికి చాలా గాయాల్లో నలుగుతుంది, కములుతుంది, వాస్తుంది. తెగే తంతువులు తెగుతాయి, కొన్ని మిగులుతాయి. పరీక్షలో కదలికే కనబడని వారిలో కూడా కొన్ని తంతువులు గాయాన్ని దాటుకుని కిందికి కబురు మోస్తున్నాయని మిలాన్ దిమిత్రియెవిచ్ అనే నాడీ వైద్యుడు 1980లలోనే చూపించారు. కబురు ఉంది, కానీ కింది నాడీకణాన్ని కదిలించే బలం దానికి లేదు.

మన హాస్టల్లో సాయంత్రం లో వోల్టేజి ఉన్నప్పుడు ట్యూబులైటు గుర్తుందా? రెండు చివర్లా ఎర్రగా మెరుస్తుంది, టకటక కొట్టుకుంటుంది, వెలగదు. తీగ తెగలేదు, కరెంటు రాక మానలేదు. వెలగడానికి కావలసిన మెట్టు దాటడం లేదంతే. గాయం కింద ఉన్న నాడీకణాల పరిస్థితి కూడా అంతే. వాటిని ఆ మెట్టుకు కాస్త దగ్గరగా లేపి ఉంచగలిగితే, మెదడు నుంచి వచ్చే సన్నని కబురు కూడా సరిపోతుంది.

మెడ మీద పెట్టే కరెంటు చేసే పని ఇదే. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఆ కరెంటు చేతిని కదపదు. మనిషి తన వేలు తాను కదుపుకునేందుకు వీలు కల్పిస్తుంది.

చేతిని నేరుగా కరెంటుతో కదిపే పద్ధతి వేరే ఉంది. అది పాతది కూడా. లూగీ గాల్వానీ 1791లో ప్రచురించిన కప్ప కాళ్ల ప్రయోగం దాని తాతముత్తాత. కండరానికి కరెంటు ఇస్తే కండరం ముడుచుకుంటుంది, అందులో మెదడుకు ప్రమేయం లేదు. ఆ సూత్రం మీద అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో "ఫ్రీహ్యాండ్" అనే పరికరం తయారైంది. ఛాతీ చర్మం కింద ఒక చిన్న యంత్రం, దానినుంచి చేతి కండరాలకు ఎనిమిది తీగలు. ఒక భుజాన్ని కదిపితే రెండో వైపు చేతిలో గుప్పెట మూసుకునేది, తెరుచుకునేది. 1986లో మొదటిసారి అమర్చారు, 1997లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. పెట్టించుకున్న వాళ్లు దానితో తిన్నారు, రాశారు. 2001లో దాన్ని తయారుచేసే కంపెనీ ఆ వ్యాపారం మానుకుంది. పరికరం పనిచేయక కాదు, కొనేవాళ్లు తక్కువై. ఒంట్లో యంత్రం ఉన్న మనిషికి రేపు దాని భాగం పాడైతే ఎవరిని అడగాలి? కొత్త యంత్రం గురించి విన్నప్పుడల్లా నాకు ముందు వచ్చే ప్రశ్న ఇదే.

కొయ్యకుండా, గుచ్చకుండా

వెన్నుపామును కరెంటుతో లేపి ఉంచే ఆలోచన మొదట ఆపరేషన్‌తోనే నిరూపణ అయింది. వెన్నెముక లోపల పలక అమర్చి, కాళ్లు చచ్చుబడిన ఒక యువకుడు నిలబడగలిగిన సంగతిని అమెరికాలోని లూయీవిల్‌కు చెందిన సుసాన్ హార్కెమా, లాస్ ఏంజిల్స్‌లోని రెజ్జీ ఎడ్జర్టన్, వారి సహచరులు 2011లో ప్రచురించారు. ఆపరేషన్ లేకుండా చర్మం మీంచే ఆ పని చేయవచ్చా అన్నది తరవాతి ప్రశ్న. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన యూరి గెరాసిమెంకో, ఎడ్జర్టన్‌తో కలిసి ఈ దారిలో ముందు నడిచారు.

ఇందులో ఒక చిక్కుంది. చర్మానికీ వెన్నుపాముకూ మధ్య కండరం ఉంది, ఎముక ఉంది. అంత లోపలికి చేరాలంటే కరెంటు గట్టిగా ఇవ్వాలి. గట్టిగా ఇస్తే చర్మం ఓర్చుకోదు. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చాలా తెలివైనది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. వీళ్లు వాడేది సెకనుకు 10,000 సార్లు ఊగే కరెంటు. అంత వేగంగా ఊగితే చర్మంలో నొప్పి తక్కువగా తెలుస్తుంది. అయితే దాన్ని ఏకధాటిగా ఇవ్వరు. సెకనుకు 30 సార్లు, సార్లకు సెకనులో వెయ్యోవంతు సేపు మాత్రమే ఇస్తారు. అంటే ఒక్కో విడతలో పది ఊపులు. నాడి స్పందించేది ఆ 30 విడతలకు. (ఫిజియోథెరపీ చదివే తమ్ముళ్లకు "రష్యన్ కరెంట్" పాఠం గుర్తొస్తుంది. యాకోవ్ కోట్స్ అనే ఆయన రష్యా క్రీడాకారులకు వాడిన 2,500 ఊపుల కరెంటు అది. రెండిటిదీ ఒకటే వంశం.)

అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఛెట్ మోరిట్జ్, ఫాత్మా ఇనానిచి బృందం దీన్ని చేతుల కోసం వాడింది. మెడ వెనక మధ్య గీత మీద, గాయానికి పైన ఒకటి, కింద ఒకటి, పాత రూపాయి బిళ్లంత అంటుకునే పట్టీలు. తుంటి ఎముకల మీద రెండు పెద్ద పట్టీలు. కరెంటు ముఖ్యంగా తాకేది వెన్నుపాములోకి వెనక వైపు నుంచి వచ్చే స్పర్శ నాడుల వేళ్లను. అవి లోపలి కణాలను మేల్కొలుపుతాయి. ఆ సమయంలో రోగి ఊరికే పడుకుని ఉండడు. చిటికెలో వస్తువు పట్టడం, బిళ్లలు ఏరడం, మూత తిప్పడం వంటి అభ్యాసం చేస్తూనే ఉంటాడు. 2021లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో ఉన్నది ఆరుగురే. గాయమై ఏడాదిన్నర నుంచి పన్నెండేళ్లు అయినవాళ్లు. వారిలో కొందరు మళ్లీ గిటార్ పట్టారు, రంగుల బొమ్మలు వేశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, కరెంటు ఆపేశాక కూడా ఆ మెరుగుదల మూడు నుంచి ఆరు నెలల పాటు నిలిచింది. స్విచ్ ఆపితే ఆరిపోయే దీపం కాదన్నమాట. పదే పదే వాడగా ఆ సన్నని దారి కాస్త వెడల్పు అయిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఆరుగురిని చూసి దేశమంతా చికిత్స మొదలుపెట్టరు. అందుకని అమెరికా, కెనడా, యూరప్‌లలో 14 కేంద్రాలలో పెద్ద పరీక్ష జరిపారు. దాని పేరు "అప్-లిఫ్ట్". మోరిట్జ్‌తో పాటు అట్లాంటాలోని ఎడెల్ ఫీల్డ్-ఫోటే, స్విట్జర్లాండ్‌లోని గ్రెగోయిర్ కోర్టీన్ తదితరులు 2024 మే నెలలో దీని ఫలితాలు ప్రచురించారు. అందరూ గాయమై కనీసం ఏడాది గడిచినవాళ్లు. మొదటి రెండు నెలలు అభ్యాసం మాత్రమే. తరవాతి రెండు నెలలు అదే అభ్యాసం, దానితో పాటు కరెంటు. పూర్తిచేసినవారు 60 మంది. వారిలో 72 శాతం మందికి చేతి బలంలోనూ, చేతితో చేసే పనిలోనూ రెండిటిలోనూ మెరుగుదల కనిపించింది. పరికరం వల్ల తీవ్రమైన హాని ఎవరికీ కలగలేదు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆ పరికరాన్ని క్లినిక్కులలో వాడేందుకు అనుమతించింది.

ఈ పరీక్షలో నన్ను కదిలించిన అంకె 72 కాదు, 34. గాయమై 34 ఏళ్లు గడిచిన మనిషి కూడా అందులో ఉన్నారు. గాయం ఎంత పాతదన్నదాన్ని బట్టి ఫలితం తగ్గలేదు. మా చదువులో మాకు నేర్పిందీ, మేం రోగులకు చెప్పిందీ ఏమిటంటే, రావాల్సింది ఆరు నెల్లలో, మహా అయితే ఏడాదిలో వస్తుంది, ఆ తరవాత ఇంతే అని. ఆ మాట విని ఎంతమంది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారో.

వార్తల్లో రాయని సంగతులు

ఆ పరీక్షలో చేరినవాళ్లంతా గాయం కింద కొంతైనా స్పర్శో, కదలికో మిగిలినవాళ్లు. ఏమీ మిగలలేదని తేలినవారిని అందులో చేర్చుకోలేదు. కాబట్టి వాళ్ల విషయంలో ఈ 72 శాతం లెక్క చెప్పకూడదు. పైగా అందరికీ ముందు అభ్యాసం, తరవాత కరెంటు అన్న వరసే. కరెంటు ఇస్తున్నట్టు నటిస్తూ ఇవ్వకుండా ఉంచిన రెండో జట్టు లేదు. నాలుగు నెలలు అభ్యాసం చేస్తే ఎంత వచ్చేదో, ఆశ వల్ల ఎంత వచ్చిందో విడదీయడం కష్టం. పరీక్ష చెడ్డదని కాదు, అంకెలను ఆ మేరకు చూసుకోవాలని.

ఇక వచ్చిన మెరుగుదల ఎలాంటిది? మునుపటి చేయి తిరిగి రాలేదు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టు కొంచెం బిగిసింది, సీసా పట్టుకునే బలం పెరిగింది. చేతి పని కొలిచే ఒక పరీక్ష ఉంది. సీసాలోంచి నీళ్లు పోయడం, మూత తిప్పి తీయడం, తాళంచెవి తిప్పడం, నాణేలు గాడిలో వేయడం, బోల్టుకు నట్టు బిగించడం వంటివి అందులో ఉంటాయి. మనకు అవి పనుల్లా కూడా కనిపించవు. ట్రంకు పెట్టె తాళం తాను తీసుకోగలిగిన మనిషికీ, పక్కవాడిని పిలవాల్సిన మనిషికీ తేడా తెలిస్తే వాటి విలువ తెలుస్తుంది.

ఒక చిన్న ఫిర్యాదు. ఈ పరీక్షలన్నీ పాశ్చాత్య దేశాల భోజనబల్లకు తగ్గట్టు తయారైనవి. అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తోయడం ఎందులోనూ లేదు. అరచేతికి పట్టీ కట్టి అందులో చెంచా దూర్చి తినడం వాళ్లు నేర్పుతారు, మేమూ నేర్పుతాం. మన పెద్దవాళ్లు నలుగురిలో అలా తినడానికి సిగ్గుపడతారు, ముద్ద కోసం బెంగపడతారు. మన చికిత్స మన కంచం నుంచి మొదలవ్వాలని నా అభిప్రాయం.

మన దగ్గర ఇప్పటికి జిల్లా ఆసుపత్రిలో అడిగితే దొరికే చికిత్స కాదిది. కానీ పేరు పాకింది కాబట్టి వెనకాలే వ్యాపారమూ వస్తుంది. నడుం నొప్పికి, మోకాలి నొప్పికి వాడే చిన్న కరెంటు పెట్టెలు దుకాణాల్లో దొరుకుతాయి. "ఇది కూడా అదే, మెడకు పెట్టుకోండి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి నొప్పి తగ్గించడానికి తయారైనవి, పై పరీక్షల్లో వాడిన కరెంటు వేరు. ఇంట్లో సొంతంగా ప్రయోగం చేయడంలో రెండు నిజమైన ప్రమాదాలున్నాయి. స్పర్శ లేని చర్మం కాలుతున్నా మనిషికి తెలియదు. (వేడినీళ్ల సంచితో కాపడం పెట్టి బొబ్బలెక్కించిన ఇళ్లు చూశాను, ప్రేమతోనే పెట్టారు.) రెండోది, ఛాతీ మధ్య భాగానికి పైన గాయమైన వారికి ఒక్కోసారి రక్తపోటు ఉన్నట్టుండి ప్రమాదకరంగా పెరుగుతుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు పడతాయి. నిండిన మూత్రాశయం దీనికి సాధారణ కారణం, ఇతర ఉద్రేకాలూ కావచ్చు. అప్పుడు పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, మూత్రం గొట్టం మడతపడిందేమో చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

యంత్రం వచ్చేలోగా

రేపు ఈ యంత్రం మన ఊరికి వచ్చినా, కర్రలా బిగుసుకుపోయిన వేళ్లను అది తెరవలేదు. మేల్కొన్న నాడి లాగాలంటే కీలు మెత్తగా ఉండాలి. ఆ మెత్తదనం కాపాడే పనికి కరెంటు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. కానీ దాన్ని చేసే తీరు ఒకటుంది, అది చాలా ఇళ్లలో తెలియదు.

ఇది చదువుతూనే ఒకసారి చేసి చూడండి. మీ చేతిని పూర్తిగా వదులుగా వదిలేయండి. మణికట్టును కిందికి వాల్చండి. వేళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇప్పుడు మణికట్టును పైకెత్తండి. వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడు వేలి పక్కకు చేరుతుంది. మీరు వేళ్లను కదపలేదు. వేళ్ల నరాలు, అదే కండరాల చివర ఉండే తెల్లని తాళ్లు, మణికట్టు మీదుగా పోతాయి కాబట్టి అది లేస్తే అవి బిగుస్తాయి.

సీ6 మిగిలిన మనిషికి దేవుడిచ్చిన పట్టు ఇదే. వేళ్లలో బలం సున్నా అయినా, మణికట్టు ఎత్తి ఒక కాగితం, ఒక చెంచా, ఒక పెన్ను పట్టగలడు. అయితే ఆ తాళ్లు కాస్త పొట్టిగా, బిగువుగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లు రోజూ నూనె రాసి, మణికట్టును వెనక్కి వంచి, అదే సమయంలో వేళ్లన్నిటినీ బల్లపరుపుగా చాచి సాగదీస్తారు. "వేళ్లు బాగా సాగుతున్నాయి" అని సంతోషపడతారు. ఆ సాగదీతతోనే ఉన్న ఒక్క పట్టూ వదులైపోతుంది. సరైన పద్ధతి ఇది: వేళ్లు చాచేటప్పుడు మణికట్టు కిందికి వాలి ఉండాలి, మణికట్టు ఎత్తేటప్పుడు వేళ్లు ముడిచి ఉండాలి. రెండూ ఒకేసారి చాచకూడదు. మొదటి వారాల నుంచే ఈ జాగ్రత్త అవసరం, మీ ఫిజియోథెరపిస్టును అడిగి చేతితో చేయించుకుని నేర్చుకోండి.

ఆపరేషన్ దారి కూడా ఉంది. బలం మిగిలిన ఒక కండరం తాడును తెచ్చి బలం పోయిన వేలికి కలిపితే పట్టు వస్తుంది. మెడ గాయం వారికి ఈ ఆపరేషన్లను స్వీడన్ సర్జన్ ఎరిక్ మోబెర్గ్ 1970లలో ప్రచారంలోకి తెచ్చారు. అంతకుముందే మన పక్కనే, వెల్లూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చచ్చుబడిన వేళ్లకు ఇలాంటి ఆపరేషన్లే చేశారు. ఆయన దగ్గర పనిచేసిన మేరీ వర్గీస్ కథ మన పిల్లలకు పాఠంగా ఉండాల్సింది. ఆమె యువ డాక్టరు. 1954లో వాహన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. చేతులు మిగిలాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఎంతసేపు నిలబడగలరన్నది సర్జన్‌కు అర్హత అనుకునే రోజులవి. తరవాత అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదివి వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది, 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. రాయలసీమ నుంచీ కోస్తా నుంచీ రైలెక్కి వెల్లూరు పోయే మనవాళ్లకు ఆ కేంద్రం తెలిసిందే.

ఎక్కడికి వెళ్లినా డాక్టరుగారిని ఈ ప్రశ్నలు అడగండి. గాయం ఏ నాడి దగ్గర? కింద స్పర్శ గానీ కదలిక గానీ ఏమైనా మిగిలిందా? ఆసన ద్వారం దగ్గర స్పర్శ పరీక్ష చేశారా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు, చేసే వాళ్లూ ఒక్కోసారి వదిలేస్తారు. వెన్నుపాము చిట్టచివరి నాడులు అక్కడే తేలతాయి కాబట్టి గాయం పూర్తిదా, కొంత మిగిలిందా అన్నది తేల్చేది ఆ పరీక్షే. అప్-లిఫ్ట్ వంటి చికిత్స ఎవరికి పనికొస్తుందో నిర్ణయించేది కూడా అదే. జవాబులు కేసు కాగితంలో రాయించుకుని, ఆ కాగితం జిరాక్సు తీసి దాచండి.

చదువుకునే వయసులో ఈ గాయం అయినవాళ్లకు ఇంకో సంగతి. చేయి రాయలేకపోతే చదువు ఆపనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అర్హులైన అభ్యర్థి చెబుతుంటే రాసిపెట్టే సహాయకుణ్ణి తీసుకోవచ్చు, పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కూడా ఉంటుంది. దరఖాస్తు ముందుగా పెట్టుకోవాలి, పరీక్ష రోజు పొద్దున పరుగెత్తితే కుదరదు.

మన పాత విద్యార్థుల్లో నర్సింగ్ చేసినవాళ్లు, 108లో పనిచేస్తున్నవాళ్లు, నాలాగా ఫిజియోథెరపీలో ఉన్నవాళ్లు ఉన్నారు. మా నంబర్లు వార్డెన్ గారి దగ్గరున్న పాత విద్యార్థుల పుస్తకంలో రాసి ఉన్నాయి. మీ ఊళ్లో మెడ గాయంతో మంచం మీద ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఫోన్ చేయండి. సెలవు రోజు చూసుకుని ఇంటికి వచ్చి, వేళ్లు ఎలా చాచాలో ఇంట్లోవాళ్ల చేత చేయించి చూపిస్తాం.